ఇరవై లీటర్ల క్యాన్: మా ప్రాజెక్టు డైరీ

జులై 3

డిజైన్ టెక్నాలజీ పదాల జాబితా తయారు చేసింది నేనే. అరవై నాలుగు పదాలు, ఒక్కోదానికి రెండు వాక్యాల నిర్వచనం, మొత్తం నాలుగు పేజీలు. నల్లగొండకు నలభై కిలోమీటర్ల అవతల ఉన్న మా బడిలో, ఏదో ఒక వస్తువు తయారు చేయడానికి తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది సాయంత్రాలు ఆగుతామన్నారు కదా అని సంబరపడి, జిరాక్సు తీయించి పంచాను. వారం తిరగకముందే అందరికీ కంఠతా వచ్చేశాయి. ఎర్గానమిక్స్ అంటే ఏమిటంటే, వస్తువును మనిషికి ఒదిగేలా చేయడమని ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పారు. సరే, నీ బెంచీలో ఎర్గానమిక్స్ ఎక్కడుందో చూపించమని ఒక పొడుగు అబ్బాయిని అడిగాను. మోకాళ్లు బల్లకు తగులుతుంటే కాళ్లు పక్కకు తిప్పుకుని కూర్చున్నవాడు, బెంచీ కిందికి వంగి వెతికాడు.

తప్పు వాడిది కాదు. జాబితాలు వెనక్కి తీసుకున్నాను. సైన్సు గది వెనక గోడకు ఖాళీ చార్టు అంటించాం. నియమం ఒక్కటే: పని మధ్యలో ఏ మాట తెలియక చేతులు ఆగిపోయాయో, ఆ మాట ఆ రోజే గోడ ఎక్కాలి. మన పనివాళ్లు దాన్ని ఏమంటారో తెలిస్తే పక్కనే అదీ రాయాలి. ఇంతకీ చేయవలసిన పని ఏమిటన్నది మాత్రం ఇంకా తేలలేదు.

జులై 9

తేలింది. డ్రోన్ అన్నారు, దానంతట అదే తెరుచుకునే చెత్తబుట్ట అన్నారు. ఎవరికి కావాలి అని అడిగితే జవాబు లేదు. ఇంతలో రోజూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే అమ్మాయి ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. కారణం అడిగితే చెప్పింది: వాళ్ల నాయనమ్మకు మెడ తిరగదు, మోచేతులు పూర్తిగా చాపలేదు, నడుము వంగదు. అందరూ పనికి పోయాక ఆమె పగలంతా ఒంటరిగా ఉంటుంది. నీళ్ల క్యాన్ వంపుకోలేదు కాబట్టి, బడికి వచ్చే ముందు చెంబులు, సీసాలు నింపి వరసగా పెట్టి రావాలి.

మా జిల్లాలో ఈ నడుము ఎందుకు వంగదో ఎవరికీ వివరించనక్కర్లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆమె తరం వాళ్లు అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగారు. అది ఎముకల్లో, కీళ్లలో చేరి బిగుసుకుపోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడును తేర్చే విధానాన్ని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. జిల్లాకు పేరు రావలసిన దారులు ఇంకేమీ దొరకలేదు కాబోలు. ఇప్పుడు ఇంటికి నల్లా నీళ్లు వస్తున్నా ఆమెకు క్యాన్ మీదే గురి.

పిల్లలు రాసుకొచ్చిన మొదటి వాక్యం: "క్యాన్ వంచే యంత్రం తయారు చేయాలి." కొట్టేశాను. సమస్య చెప్పమంటే అందులో పరిష్కారం దూర్చేశారు. నాలుగుసార్లు తిరగరాశాక ఇలా వచ్చింది: "నడుము వంగని, మోచేతులు చాపలేని పెద్దావిడ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, 20 లీటర్ల క్యాన్‌లోని నీళ్లను చెంబులోకి తీసుకోగలగాలి." ఇందులో యంత్రం లేదు, ఇనుము లేదు, వంచడం కూడా లేదు. గోడ మీద మొదటి మాట: డిజైన్ బ్రీఫ్.

ఇలాంటి బ్రీఫ్ ఎక్కడ పుడుతుందో చెప్పడానికి ఆలేరు దాకా పోతే చాలు. అప్పటికి అదీ మా నల్లగొండ జిల్లాయే. అక్కడి చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేవారు, అంటే నేతకు ముందు దారాన్ని మేకులకు చుట్టేవారు. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేయి మేకుల చుట్టూ అటూ ఇటూ తిరగాలి. ఆమె భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టిన పని 1999లో ఆసు యంత్రంగా నిలబడింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మధ్యలో ఏడేళ్లున్నాయని చెప్పగానే పిల్లల ముఖాలు చూడాలి. మాకు సెప్టెంబరు దాకే సమయం.

జులై 11

"ట్యాప్ ఉన్న క్యాన్ కొంటే సరిపోదా సార్?" న్యాయమైన ప్రశ్న. ఉన్న వస్తువులను ముందు పరీక్షించకుండా కొత్తది మొదలుపెట్టడం అహంకారమే. వాళ్ల ఇంటికి వెళ్లి చూశాం. ఆటోలో వేసే క్యాన్లకు ట్యాప్ ఉండదు, ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవడమే. ట్యాప్ ఉన్న కుండలోకి పోయాలంటే మళ్లీ అదే క్యాన్‌ను ఎత్తాలి. మూతకు తగిలించే బ్యాటరీ పంపు ఒకటి కొన్నారు. అది చార్జింగ్ అయిపోయి కిటికీలో దుమ్ము పట్టి ఉంది. "మీట ఎక్కడ నొక్కాలో కనబడదు బిడ్డా" అంది అవ్వ. కంటి ఆపరేషన్ ఒక కంటికే అయింది.

అక్కడే కూర్చుని స్పెసిఫికేషన్ రాశాం. బ్రీఫ్ కోరిక అయితే స్పెసిఫికేషన్ ఆ కోరికకు కట్టిన లెక్క. "సులువుగా ఉండాలి" అని ఒక అబ్బాయి రాస్తే, ఎంత సులువో కొలవమన్నాను. సైన్సు గదిలోని స్ప్రింగు త్రాసు పట్టుకెళ్లాం కాబట్టి అవ్వ చేతికిచ్చి లాగమన్నాం. కుడి భుజం అసలు లేవదు. ఎడమ చేత్తో రెండు కిలోల దాకా నొప్పి లేకుండా లాగింది. అలా "సులువు" కాస్తా "ఎడమ చేత్తో రెండు కిలోల బలం మించకూడదు" అయింది. కరెంటు వద్దు. చేయి వదిలేస్తే క్యాన్ దానంతట అదే లేచి నిలబడాలి. వంటింటి మూలలో యాభై సెంటీమీటర్ల చదరంలో ఇమడాలి. పదిహేను వందలు దాటకూడదు. ఈ చివరి షరతు నాది, జేబు నాదే కనుక.

జులై 16

కొలతల రోజు. అవ్వ నిలబడితే నేల నుంచి మోచేయి ఎత్తు 88 సెంటీమీటర్లు. పిల్లలు ఉత్సాహం పట్టలేక ఆ వీధిలోని పెద్దావిడలందరినీ కొలిచారు. 84 నుంచి 96 దాకా వచ్చాయి. "సగటు తీద్దాం సార్" అన్నారు. ఈ సగటు మాయలో పెద్దవాళ్లే పడ్డారు. 1950 ప్రాంతంలో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లను కొలిచింది. పది ముఖ్యమైన కొలతల్లో పదింటికి పదీ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ తేలలేదు. సగటు మనిషి కోసం చేసిన కాక్‌పిట్ నిజానికి ఎవరి కోసమూ చేసినది కాదన్నమాట.

మరి ఏ కొలత తీసుకోవాలి? ఇది నేను చెప్పకముందే ఒక అమ్మాయి తేల్చింది. చేయి అందవలసిన చోట పొట్టివాళ్ల కొలత, తల తగలకూడని చోట పొడుగువాళ్ల కొలత. పుస్తకాల్లో దీన్నే ఐదో పర్సెంటైల్ (నూటికి ఐదుగురే అంతకంటే పొట్టి), తొంభై ఐదో పర్సెంటైల్ (నూటికి ఐదుగురే అంతకంటే పొడుగు) అంటారు. వాళ్ల ఇంటి అటక తలుపు అమ్మకు అందదు, నాన్న తలకు తగులుతుంది, అందుకే తట్టింది అంది. ఆంత్రొపొమెట్రిక్స్ గోడ ఎక్కింది: మనుషుల కొలతల లెక్క. ఆ లెక్కను వస్తువుకు వాడి మనిషికి ఒదిగేలా చేయడం ఎర్గానమిక్స్. పక్కన తెలుగు మాట కోసం నేను తడుముకుంటుంటే పొడుగు అబ్బాయి అన్నాడు: "వాటం సార్. పార వాటంగా లేదంటాడు మా తాత." ఇన్నేళ్లుగా ఈ పదానికి నాలుగు సంస్కృత సమాసాలు పోగేశాను. రెండక్షరాల మాట మా ఊరి పొలం గట్టు మీద పడి ఉంది.

జులై 24

అట్టతో ఐదో వంతు నమూనా. ఒక చట్రం, మధ్యలో ఇరుసు మీద ఊగే ఊయల, ఊయలలో క్యాన్, పక్కన పిడి. క్యాన్ బదులు మందుల సీసా. పిడి నొక్కితే వంగుతుంది, వదిలితే లేస్తుంది. చప్పట్లు. ఈ చప్పట్లను నమ్మకూడదని నాకు తెలిసి ఉండవలసింది.

ఆగస్టు 2

నిజం సైజులో చెక్క నమూనాకు మా ఊరి వడ్ల మేస్త్రి దగ్గరికి వెళ్లాం. 120 సెంటీమీటర్ల పలకను నాలుగు సమాన ముక్కలు చేయమని పిల్లలు ముప్పై దగ్గర, అరవై దగ్గర, తొంభై దగ్గర గీతలు గీశారు. మేస్త్రి ఏమీ అనకుండా కోసి ఇచ్చాడు. ఏ ముక్కా సరిగ్గా ముప్పై లేదు. పలక దొంగతనం జరిగినట్టు వెతికారు. మేస్త్రి నేల మీద రంపపు పొట్టు చూపించి, "మీ కొలత అక్కడుంది" అన్నాడు. రంపం వెళ్లిన దారి మూడు మిల్లీమీటర్లు, మూడు కోతలకు తొమ్మిది. ఆ దారికి కెర్ఫ్ అని పేరు. నిర్వచనం ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతీ అక్కడే. హార్డ్‌వుడ్ అంటే గట్టి చెక్క అని అందరూ రాసుకున్నారు. కాదు. ఆకులు వెడల్పుగా ఉండే చెట్ల కలపంతా హార్డ్‌వుడ్డే. టేకు, వేప, తుమ్మ మాత్రమే కాదు, గోరు గుచ్చితే దిగే బాల్సా కూడా. దేవదారు, పైన్ వంటి సూది ఆకుల చెట్లది సాఫ్ట్‌వుడ్. మేస్త్రికి ఈ విభజన చెబితే నవ్వి, "నాకు ఉలికి లొంగేది, లొంగనిది, రెండే జాతులు" అన్నాడు. ఆయన పనికి అదే సరైన వర్గీకరణ.

ఆగస్టు 8

వరద.

ఖాళీ క్యాన్‌తో పొద్దున పరీక్షించాం. ఎక్కడ వదిలితే అక్కడ ఆగింది, భలే కుదిరిందనుకున్నాం. మధ్యాహ్నం నిండు క్యాన్ పెట్టాం. పిడిని అలా కొంచెం కదిలించగానే ఇక మా ప్రమేయం లేకుండా ఊయల గిర్రున తిరగబడింది. చెక్క చట్రం ఒక కాలు మీద లేచింది, క్యాన్ జారింది, ఇరవై లీటర్లు సైన్సు గదిలో పారాయి. కింద పెట్టిన ఎనిమిదో తరగతి రికార్డు పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ప్రధానోపాధ్యాయులు వచ్చి గడప దగ్గర ఆగి, నీళ్లను చూసి, నన్ను చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్లిపోయారు. తిడితే బాగుండేది.

ఆగస్టు 9

నీళ్లు తుడిచిన చీపురు పక్కనే లెక్క మొదలైంది. నిండు క్యాన్‌కు మూత బిగించి, అడ్డంగా పడుకోబెట్టి, కింద గుండ్రటి పైపు పెట్టి దొర్లించాం. అడుగు నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర అటూ ఇటూ మొగ్గకుండా తూగింది. అదీ గురుత్వ కేంద్రం. మరి మా ఇరుసు? 18 దగ్గర. పలక పొట్టిదైపోయిందని ఎవరికీ చెప్పకుండా అక్కడ పెట్టేశారు. బరువు ఇరుసుకు పైన ఉందన్నమాట. కర్ర కొసన కుండ నిలబెట్టినట్టు. ఖాళీ క్యాన్ ఆగింది మా గొప్పతనం వల్ల కాదు, చెక్కలో ఇరుసు రాపిడి వల్ల. కిలో కూడా లేని క్యాన్ ఆ రాపిడిని గెలవలేకపోయింది. ఇరవై ఒక్క కిలోలది గెలిచింది.

ఇరుసును గురుత్వ కేంద్రానికి పైన పెడితే? ఉయ్యాల అవుతుంది. ఎంత వంచినా వదలగానే లేచి నిలబడుతుంది. 23 దగ్గర పెట్టాలని నిర్ణయించాం, మూడు సెంటీమీటర్లు పైన. అవ్వ చేయి జారినా, మధ్యలో దగ్గు వచ్చినా క్యాన్ తనంతట తాను నిలబడుతుంది. పని తప్పినప్పుడు ప్రమాదం లేని వైపుకే తప్పాలి. ఫెయిల్-సేఫ్ అనే మాట తడి చేతులతోనే గోడ ఎక్కింది. పక్కనే ఇటరేషన్, అంటే తప్పు చూసుకుని, సరిదిద్ది మళ్లీ చేయడం. దానికి తెలుగు అడిగితే తరగతిలో చివర కూర్చునే అబ్బాయి "రెండో వాయి" అన్నాడు. మొదటి వాయి గారెలు ఎప్పుడూ కుదరవు, నూనె సంగతి, పిండి సంగతి తెలియడానికే అవి. ఇంతకంటే మంచి అనువాదం నాకు తట్టలేదు.

ఆగస్టు 20

నల్లగొండ. గడియారం సెంటర్ దగ్గర దిగి ఇనుప దుకాణాల వీధికి నడిచాం. నలుగురు పిల్లలు, నేను. ముందు పాత ఇనుప సామాన్ల కొట్టుకు తీసుకెళ్లాను, అది ఏ ప్రయోగశాలకూ తీసిపోదు. విరిగిన బీడు పెనం చూపించాను: గట్టిది, కానీ కింద పడితే పెంకులాగా పగులుతుంది. అది పెళుసుదనం. అరిగిన ఆకురాయిని గీసి చూశారు, దాని మీద గీత పడదు. అది కాఠిన్యం. కట్టుడు తీగను వంచితే వంగి అలాగే ఉండిపోయింది. సైకిల్ సీటు స్ప్రింగును నొక్కితే తిరిగి లేచింది. మొదటిది ప్లాస్టిసిటీ, రెండోది ఎలాస్టిసిటీ. ప్లాస్టిక్ అనే మాట వస్తువు పేరు కాకముందు గుణం పేరని అప్పుడు అర్థమైందట. మా క్యాన్ కూడా వేడికి మెత్తబడి మళ్లీ అచ్చు పోసుకోగలిగే థర్మోప్లాస్టిక్. కుక్కర్ పిడి అలా కాదు, ఒకసారి గట్టిపడితే కాలుతుందే తప్ప కరగదు. అది థర్మోసెట్.

కొన్నది 25 మిల్లీమీటర్ల చదరపు ఎం.ఎస్. పైపు, ఇరవై అడుగులది ఒకటి. మైల్డ్ స్టీలులో కార్బన్ పావు శాతం లోపే ఉంటుంది. అందుకే వంగుతుంది కానీ పగలదు, వెల్డింగుకు లొంగుతుంది. తుప్పు పట్టడమే దాని జబ్బు. జింకు పూత ఉన్న పైపు కొందామా అని పిల్లలు అడిగితే దుకాణం వాడే వారించాడు, వెల్డింగు చేసేటప్పుడు ఆ పూత కాలి వచ్చే పొగ పీల్చిన వాళ్లకు జ్వరం వస్తుందని. మాది రెడ్ ఆక్సైడ్ మీద ఎనామిల్ రంగు.

ఆగస్టు 27

ఈ రోజు రెండు అవమానాలు.

మొదటిది. ఇరుసు కడ్డీ 16 మిల్లీమీటర్లు, అది దూరవలసిన పైపు లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు. డ్రాయింగులో ఎంత అందంగా ఉందో! కడ్డీ దూరలేదు. "16లో 16 ఎట్లా పడుతుంది సార్, వదులు ఇవ్వాలి కదా" అన్నాడు వెల్డింగు మేస్త్రి, నేను భౌతికశాస్త్రం చెబుతానని తెలిసి కూడా. ఆ వదులుకు క్లియరెన్స్ అని పేరు. చెప్పిన కొలతకు అటూ ఇటూ ఎంత తేడా వస్తే ఒప్పుకుంటామో ఆ హద్దు టాలరెన్స్. రెండూ ఒకటి కాదు, నా పాత జాబితాలో మాత్రం రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేశాను. లేత్ మిషన్ మీద కడ్డీని 15.5కు తరిగించాం. అర మిల్లీమీటరు తగ్గించడానికి యాభై రూపాయలు.

రెండోది. పిడి ఎడమ వైపు ఉండాలి, అవ్వ కుడి భుజం లేవదు కనుక. పిల్లలు గీసిన ఆర్థోగ్రాఫిక్ చిత్రంలో, అంటే ముందు, పక్క దృశ్యాలను విడివిడిగా చూపే బొమ్మలో, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫస్ట్ యాంగిల్ పద్ధతి, మన దేశపు ప్రమాణం. అందులో ఎడమ నుంచి చూసిన దృశ్యాన్ని ముందు దృశ్యానికి కుడి పక్కన గీస్తారు. అమెరికా వాళ్ల థర్డ్ యాంగిల్‌లో ఎడమది ఎడమనే ఉంటుంది. మేస్త్రి ఇవేవీ చదవలేదు. కుడి పక్కన బొమ్మ ఉంది కాబట్టి కుడి వైపు పిడి వెల్డింగు చేశాడు. మేము టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. తప్పు ఎవరిది? పిల్లలు ఆయనదే అన్నారు. నేను మాదే అన్నాను. చదివేవాడికి అర్థం కాని డ్రాయింగు, చిరునామా లేని ఉత్తరం లాంటిది. ముప్పై డిగ్రీల గీతలతో ఒక అమ్మాయి అప్పటికప్పుడు మూడు వైపులూ ఒకేసారి కనబడే ఐసోమెట్రిక్ బొమ్మ గీసి చూపిస్తే మేస్త్రి ఒక్క చూపులో పట్టుకున్నాడు. కోసి, మళ్లీ అతికించాడు. ఆ అతుకు దగ్గర కొంచెం వంకర మిగిలింది, మేమూ దాన్ని అలాగే వదిలేశాం.

సెప్టెంబరు 4

ఆరుబయట పరీక్ష. రికార్డు పుస్తకాలు ఆమడ దూరంలో.

నిండు క్యాన్. ముప్పై సెంటీమీటర్ల పిడికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే కిలోన్నర దగ్గర నీళ్లు వచ్చాయి. వదిలితే లేచింది. ఈసారి చప్పట్లు కొట్టనివ్వలేదు. సగం నీళ్లు తీసేసి మళ్లీ లాగమన్నాను. సగం బరువు కాబట్టి సగం బలం చాలని అందరూ రాసి పెట్టుకున్నారు, నిజం చెప్పాలంటే నేనూ. త్రాసు రెండున్నర చూపించింది! మళ్లీ లాగాం. రెండున్నరే.

ఆ సాయంత్రం ఎవరూ ఇంటికి పోలేదు. నల్లబల్ల మీద క్యాన్‌ను రకరకాలుగా గీశాం. నిండు క్యాన్‌లో బరువు ఇరుసుకు మూడు సెంటీమీటర్ల కిందే ఉంది. సగం ఖాళీ అయితే బరువు సగమైంది, నిజమే, కానీ నీళ్లన్నీ అడుగుకు చేరాయి కనుక కేంద్రం ఇరుసుకు పన్నెండు, పదమూడు సెంటీమీటర్ల కిందికి జారింది. బరువు సగమైతే దూరం నాలుగింతలైంది. తిప్పడానికి కావలసినది బరువు ఒక్కటే కాదు, బరువును దూరంతో గుణిస్తే వచ్చేది. దాన్నే మూమెంట్ అంటారు. వంగే కొద్దీ నీళ్లు మూతి వైపు జరుగుతాయి కాబట్టి ఆ రెండింతల భారం పూర్తిగా చేతి మీద పడదు, లేకపోతే ఇంకా కష్టమయ్యేది. నా ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక సూత్రం ఇంత గట్టిగా నా ముఖాన తగిలిన రోజు ఇంకొకటి లేదు.

మరి ఏమి చేయాలి? ఇరుసును కిందికి దించితే మళ్లీ వరద. మర్నాడు అవ్వను అడిగితే, "ఏతానికి రాయి కడతారు కదా, అట్లా కట్టండి" అంది. ఏతం మొదటి రకం తులాదండం. మధ్యలో ఆధారం, ఒక కొసన బకెట్టు, రెండో కొసన రాయి. సరైన ఆలోచనే. ఊయల పైకొసన రాయి కట్టి చూశాం. సగం క్యాన్ సులువైంది, కానీ నిండు క్యాన్ మళ్లీ తనంతట తాను పడబోయింది. రాయి విప్పేశాం. చివరికి పిడిని 45కు పెంచాం. ముప్పైలో రెండున్నర అయితే నలభై ఐదులో కిలో ఏడు వందలు. రెండు కిలోల హద్దు లోపలే. దానికి ధర కూడా చెల్లించాం: పొడుగు పిడి గోడకు తగులుతుంది, స్టాండును గోడ నుంచి జానెడు ముందుకు జరపాలి. యాభై సెంటీమీటర్ల షరతు పోయింది. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవడం ట్రేడ్-ఆఫ్. ఏది వదులుకోవాలో మేము కాదు, అవ్వ చెప్పింది. మూల కంటే చేయి ముఖ్యమంది.

సెప్టెంబరు 11

అంతా అయిందనుకున్నాక కొత్త మనిషి ప్రవేశించాడు. క్యాన్లు వేసే ఆటో అబ్బాయి. ఊయల అడుగు నేల నుంచి 67 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ముందు భాగంలో క్యాన్ జారకుండా అడ్డు పైపు. ఇరవై ఒక్క కిలోలు ఎత్తి ఆ అడ్డు దాటించి లోపల దించాలి. ఒకసారి చేసి, "రోజూ నా వల్ల కాదు, కింద పెట్టి పోతా" అన్నాడు. కింద పెట్టి పోతే రెండు నెలల పని గోడకు ఆనించి పెట్టుకోవలసిందే.

వినియోగదారు అంటే అవ్వ ఒక్కతే అనుకున్నాం. నీళ్లు తాగే మనిషి, క్యాన్ దించే మనిషి, ఇల్లు ఊడ్చేటప్పుడు స్టాండు జరిపే కోడలు, అందరూ వినియోగదారులే. పాత బ్రీఫులో ఆటో అబ్బాయి లేడు. అడ్డు పైపు కోసేసి, దాని చోట చిరిగిన స్కూలు సంచి పట్టీ, బకిలుతో సహా బిగించాం. ఇప్పుడు క్యాన్ ముందు నుంచి నేరుగా లోపలికి జరుగుతుంది. పట్టీకి పైసా ఖర్చు లేదు. పునర్వినియోగం అని గోడ మీద పెద్దక్షరాలతో రాశారు, కానీ ఇందులో పర్యావరణం మీద ప్రేమ కంటే నా జేబు ఖాళీ కావడమే అసలు కారణం. అప్పటికి లెక్క: పైపు 520, వెల్డింగు 400, లేత్ 50, కడ్డీ, పైపు ముక్క, రంగు కలిపి 230. మొత్తం 1,200.

సెప్టెంబరు 18

ఇంట్లో బిగించాం. నిండు క్యాన్ మరీ వంచితే మూతిలోకి గాలి దూరక గుడగుడమని చిమ్ముతోంది, అందుకని మొదటి వంపు దగ్గర ఆగేలా చిన్న మేకు పెట్టాం. నీళ్లు తగ్గాక మేకు తీసేయాలి. అవ్వకు కనబడేలా పిడికి పసుపు టేపు చుట్టాం. ఆమె ఎడమ చేత్తో పిడి లాగింది, చెంబు సగం నిండాక వదిలింది, క్యాన్ లేచి నిలబడింది. తాగలేదు. చెంబులో నీళ్లు తులసి కుండీలో పోసి, మళ్లీ లాగింది. మళ్లీ పోసింది. మూడోసారి మనవరాలు ఆపింది, నీళ్లు డబ్బులిచ్చి కొన్నవని.

అక్టోబరు 17

దసరా సెలవులు గడిచాయి. బతుకమ్మ ఆడే చోట కబురు పాకింది. ఇంకో నలుగురికి కావాలట. ఒకటి చేయడం వేరు, ఒకేలాంటివి నాలుగు చేయడం వేరు. మొదటిదానిలో రెండు వైపుల చట్రాలకు మధ్య ఆరు మిల్లీమీటర్ల తేడా ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఈసారి మందపాటి పలక మీద బోల్టులు పాతి, పైపులు వాటి మధ్య పెడితేనే కుదిరేలా అచ్చుబల్ల చేశాం. కొలవనక్కర్లేదు, పెట్టడమే. దాన్ని జిగ్ అంటారు. ఆసు చట్రం మీద మేకులు చేసే పని కూడా కొంత ఇదే: కొలత మనిషి తలలో కాకుండా మేకుల మధ్య ఉంటుంది. నాలుగూ కలిపి ఒక విడత చేయడం బ్యాచ్ ఉత్పత్తి. ఇక్కడా వాయి అనే రాయాలా అని పిల్లలు గొడవ పడుతున్నారు, ఒక మాటను రెండు పదాలకు వాడవచ్చా అని. వాడవచ్చన్నాను. వంటింట్లో ఆ రెండూ ఒకే పని కదా.

గోడ మీద ముప్పై ఒక్క మాటలున్నాయి. పాత జాబితాలోని మిగతా ముప్పై మూడు మాకు ఇంకా ఎదురు కాలేదు.

అక్టోబరు 24

తనిఖీకి అవ్వ ఇంటికి వెళ్లాం. క్యాన్ ఉంది, పిడి టేపు కొంచెం నల్లబడింది, ఇరుసు దగ్గర తుప్పు లేదు. కానీ చెంబు పిడికే వేలాడుతోంది. పెట్టుకోవడానికి ఇంకో చోటు లేక అవ్వే తాడు కట్టి తగిలించిందట. ఆ చెంబు బరువుకు క్యాన్ ఎప్పుడూ కొంచెం ముందుకు వాలి ఉంటోంది. మనవరాలు సంచిలోంచి త్రాసు తీసి చెంబు తూచింది. పావు కిలో. ఆ లెక్క రాసుకుని, చట్రం కుడి కాలు మీద, అవ్వ చేయి అందే ఎత్తులో, కొక్కెం ఎక్కడ వెల్డింగు చేయాలో చాక్‌పీసుతో గుర్తు పెట్టి వచ్చాం.